వంత లేని పాట

జానపద గేయాల మీద మన పత్రికల్లో వ్యాసాలకు కొదవ లేదు. పాట ఏ ఛందంలో ఉంది, ఏ కాలానిది, అందులో భూస్వామ్య భావజాలం పాలెంత, తిరుగుబాటు పాలెంత అనే చర్చ తరాలుగా సాగుతూనే ఉంది. ఆ పాట పాడే మనిషి ఇవాళ ఎవరి పక్కన కూర్చుని పాడుతున్నది, ఎవరి ముందు పాడుతున్నది, పాడటం మానేస్తే ఎందుకు మానేసింది అనే ప్రశ్న మాత్రం మన చర్చల్లోకి పెద్దగా రాలేదు. ఆ లోపంలో నాకూ వాటా ఉంది. మూడేళ్లుగా మా బడి ఉన్న ఊళ్లోనూ చుట్టుపక్కల నాలుగు పల్లెల్లోనూ పాడేవాళ్లను వెతికి, పదిహేను రోజులకోసారి ఒకచోట కూర్చోబెట్టే పని పెట్టుకున్నాను. ఆ పనిలో పడ్డాక గానీ నేను చదువుకున్న జానపద సాహిత్య విమర్శలో ఖాళీ ఎక్కడుందో నాకు తెలిసిరాలేదు.

నేను జనగామ ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఎమ్మే చదివే రోజుల్లో, 2003లో, సెమినార్ పత్రం కోసం మా అమ్మమ్మ ఊళ్లో నలభై పాటలు సేకరించాను. చేతిలో చిన్న టేపురికార్డరు, నాలుగు క్యాసెట్లు, ఒక నోటుబుక్కు. ఒక అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి నాటు పాట పాడమన్నాను. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. "యాదికొస్తలేదు బిడ్డా" అన్నది. కాసేపు బతిమాలి, లాభం లేదని లేచాను. "వృద్ధాప్యం చేత గాయని గీతాన్ని పూర్తిగా చెప్పలేకపోయినది, గీతం అసంపూర్ణం" అని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ వాక్యం పత్రంలోకి కూడా అలాగే ఎక్కింది. మార్కులు మంచిగానే వచ్చాయి.

మూడేళ్ల కింద మా బడి ఊళ్లో అచ్చం అదే జరిగింది. డెబ్బయి దాటిన అవ్వ, ఈసారి టేపురికార్డరుకు బదులు సెల్‌ఫోను, అలాంటిదే ఒక నాటు పాట, మళ్లీ రెండో చరణం దగ్గర మౌనం. నేను ఫోను ఆపబోతున్నాను. పక్కన చింతపండులోంచి గింజలు తీస్తూ కూర్చున్న ఆమె యారాలు తల ఎత్తకుండానే వంత అందుకున్నది. ఆ వంత చెవిన పడగానే అవ్వ నోట మూడో చరణం వచ్చింది. తర్వాత నాలుగోది. పదకొండు దాకా లెక్కపెట్టి ఆపేశాను. మధ్యలో ఒకచోట అవ్వ ఒక పేరు మార్చి పాడితే, "ఆమె గాదు, ఆమె చెల్లె" అని యారాలు సరిదిద్దింది. అది కూడా రాగంలోనే.

అవ్వకు మతిమరుపు లేదు. పాట ఆమె ఒక్కతె దగ్గర లేదు, సగం యారాలి దగ్గర ఉంది. 2003లో మా అమ్మమ్మ ఊరి అవ్వ సంగతీ అదే అయివుంటుంది. ఆ రోజు అరుగు చుట్టూ మూగిన ఆడవాళ్లను, రికార్డింగులో గోల వస్తుందని, నేనే పంపించేశాను.

ఇది నాటు పాటకు మాత్రమే సంబంధించిన సంగతి అనుకుంటే పొరపాటు. మన సంప్రదాయ గాన రూపాలను ఒక్కొక్కటే తీసి చూడండి. బుర్రకథలో తంబుర పట్టుకున్న కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెప్తారు, ఒకరు రాజకీయం చెప్తారు. కథకుడు ఊపిరి పీల్చుకునే చోట వాళ్లు అడుగుతారు, ఎగతాళి చేస్తారు, కథను ఇవాళ్టి ఊళ్లోకి లాక్కొస్తారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడి మాటకు మాట అందించే తోడు లేకపోతే బీరప్ప కథ గానీ మల్లన్న కథ గానీ అడుగు ముందుకు పడదు. శారదకథలో భర్త కథ చెప్తుంటే ఆడవాళ్లు గుమ్మెటలు వాయిస్తూ వంత పాడతారు. బతుకమ్మ చుట్టూ ఒకామె చెప్తుంది, మిగతా అందరూ ఉయ్యాలో అంటారు. ఆ ఉయ్యాలో అనే వ్యవధిలోనే చెప్పే ఆమె తర్వాతి మాట వెతుక్కుంటుంది. అంటే వంత అనేది అలంకారం కాదు. పాట ఆ చోటనే తయారవుతుంది.

మన పుస్తకాల్లో అది ఏమైంది? బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో అచ్చయింది. నేదునూరి గంగాధరం గారు జీవితమంతా పాటలు పోగుచేశారు. ఆర్వీయస్ సుందరం గారి 'ఆంధ్రుల జానపద విజ్ఞానం' 1983లో వచ్చింది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి 'తెలుగువారి జానపద కళారూపాలు' 1992లో వచ్చింది. ఈ పెద్దల కృషి లేకపోతే తరగతిలో జానపదం గురించి చెప్పటానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. నా ఫిర్యాదు వాళ్ల మీద కాదు, పాటను అచ్చువేయటంలో మనందరికీ అలవాటైపోయిన పద్ధతి మీద. వంత మాట మొదటి చరణం కింద ఒకసారి పడుతుంది. ఆ తర్వాత చుక్కలు పడతాయి, లేదా అవీ ఉండవు. కాగితం ఖర్చు చూస్తే అది సబబే. కానీ ఆ పేజీని చదివి పరీక్ష రాసే విద్యార్థి దాన్ని ఒక్క గొంతు రచనగా చదువుతాడు. "గాయని ఇక్కడ తన ఆవేదనను వ్యక్తం చేసినది" అని రాస్తాడు. నేనూ అలాగే రాశాను, అలాగే రాయించాను. ఆవేదన ఒకరిదైతే, ఆ ఆవేదనకు "అట్లనా" అని అడిగే గొంతు మరొకరిది. ఆ రెండో గొంతును చుక్కల్లో కలిపేశాం.

సేకర్తలు పాటను పుస్తకానికి వనరుగా చూశారు. అభ్యుదయ, విప్లవ సాంస్కృతికోద్యమాలు ఏం చేశాయన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. ఆ పాటలు వింటూ పెరిగినవాణ్ణి గనుక తప్పించుకోకుండా అడగాలి. 1943 ప్రాంతంలో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేతికి తీసుకున్నప్పుడు బాణీతోపాటు వంతను కూడా తీసుకున్నది. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు అంత బలం రావటానికి ఆయన గొంతు ఒక కారణమైతే, రాజకీయం చెప్పే వంతను ఆనాటి వర్తమానం మీద మాట్లాడించటం రెండో కారణం. బెంగాల్ కరువు చెప్పినా పల్నాటి యుద్ధం చెప్పినా జనం తరఫున అడిగేవాడు వేదిక మీదనే ఉన్నాడు. సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో గొల్లసుద్దుల రూపాన్ని ఎన్నుకోవటంలో కూడా నాకు ఇదే వివేకం కనిపిస్తుంది.

1972లో జననాట్యమండలి వచ్చాక పాట ఊళ్లను ఊపేసింది. గద్దర్, వంగపండు ప్రసాదరావు లాంటివాళ్ల వేదిక మీద కోరస్ ఉన్నది, జనం గొంతు కలిపారు. ఆ రెండు గొంతుల మధ్య సంవాదం పూర్తిగా పోయిందని నేను అనను. కానీ ఆ పాటలు క్యాసెట్లలోకి ఎక్కి, ఆ క్యాసెట్లను చూసి ఊరూరా పుట్టిన బృందాల దగ్గరికి వచ్చేసరికి కోరస్ పని మారిపోయింది. నాయకుడు అన్నదాన్నే తిరిగి అనటం కోరస్ అయింది. వంత అడుగుతుంది, కోరస్ ఒప్పుకుంటుంది. ఈ తేడాను మన విమర్శ పట్టించుకోలేదు. వస్తువు విప్లవాత్మకమా కాదా అని చూశాం, బాణీ జనానిదా కాదా అని చూశాం. పాడే పద్ధతిలో ప్రజాస్వామ్యం ఉందా లేదా అని చూడలేదు. బాణీ ఇచ్చిన ముసలమ్మకు ఆ తర్వాత ఏమైందని అసలే అడగలేదు.

రాష్ట్రం వచ్చాక 2014 తర్వాతి సంగతి మనకు తెలిసిందే. ధూంధాం వేదికల మీద గొంతెత్తిన వాళ్లు సహా అయిదొందలకు పైగా కళాకారులు తెలంగాణ సాంస్కృతిక సారథిలో జీతగాళ్లయ్యారు. జీతం రావటాన్ని తప్పుపట్టే హక్కు నెలనెలా ప్రభుత్వ జీతం తీసుకునే నాకు లేదు. కానీ పథకాల మీద పాటకు వంత ఎవరు పాడగలరు? ఏమని అడగగలరు? మరోవైపు 2022లో కిన్నెర మొగులయ్యకు, 2024లో మా జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ దాసరి కొండప్పకు పద్మశ్రీలు వచ్చాయి. సంతోషించాం. అయితే పురస్కారం ఒక్క మనిషిని పిలుస్తుంది. యక్షగానం మేళానిది.

ఇక పాడేవాళ్ల కూటమి అనే మాటకొద్దాం. మొదట్లో నేను అమాయకంగా, విడివిడిగా ఉన్న గాయకులను ఒక సమూహంగా చేస్తున్నాననుకున్నాను. వాళ్లు విడివిడిగా ఎప్పుడూ లేరు. వాళ్ల సమూహాలు వాళ్లకున్నాయి, కులం కట్టిన సమూహాలు. ఒగ్గువాళ్లు కురుమలకు, గొల్లలకు కథ చెప్తారు. కూనపులివాళ్లు పద్మశాలీలకు, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, రుంజవాళ్లు విశ్వబ్రాహ్మణులకు, చిందు, డక్కలివాళ్లు మాదిగలకు చెప్తారు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లు అనేది మిరాశిగా పంచుకున్నారు. ఆ మిరాశి మీదనే కథ బతికింది. అదే మిరాశి కథకుణ్ణి చేయి చాపి నిలబెట్టింది, డక్కలివాణ్ణి ఊరి చివరకన్నా ఇంకా చివరికి నెట్టింది. ఇక ఆడవాళ్ల పాటకు సమూహాన్ని కట్టింది పని. నాటు, కలుపు, ఇసుర్రాయి, రోలు. ఎలక్ట్రిక్ మోటారు వచ్చినప్పుడు మోట పాట పోయింది. పిండిమిల్లు వచ్చినప్పుడు ఇసుర్రాయి పాట పోయింది. ఇప్పుడు మా దగ్గర నాట్లు ఎకరాల లెక్కన గుత్తకు పోతున్నాయి. ఎంత తొందరగా వేస్తే అంత కైకిలి గనుక పాటకు ఊపిరి మిగలదు. కొన్నిచోట్ల యంత్రం నాటుతున్నది, కొన్నిచోట్ల వెదజల్లుతున్నారు, కొన్నిచోట్ల బీహారు, బెంగాలు నుంచి వచ్చిన కూలీలు నాటుతున్నారు. వానాకాలంలో ఒకరోజు బడికి పోతూ రోడ్డు పక్కన మడిలో వాళ్లు పాడుతుంటే బండి ఆపి విన్నాను. భాష అర్థం కాలేదు. ఒకడు అంటున్నాడు, మిగతావాళ్లు అందుకుంటున్నారు. అది మాత్రం అర్థమైంది.

మిరాశి పోవాలి. ఇసుర్రాయి దగ్గర ఆడదాని రెక్కలు అరిగిపోవటం ఆగాలి. ఈ రెండింటిలో నాకు రెండో ఆలోచన లేదు. పాట కోసం ఆ బతుకు ఉండాలనేవాడు పాటకు కూడా మిత్రుడు కాడు. అయితే కులమూ కష్టమూ కట్టి ఉంచిన గుంపు విడిపోయాక, ఆ గుంపులో పుట్టిన వంత ఎక్కడ నిలబడాలి? కొత్త ప్రాతిపదిక ఏమిటి? నా ముందున్న సమస్య ఇదీ. పుస్తకాల్లో దీనికి జవాబు దొరకలేదు.

మొదట బడి వరండాలో కూర్చుందామన్నాను. అక్కడికి వచ్చిన ఆడవాళ్లు తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినట్టు గోడకు ఆనుకొని, కొంగు సర్దుకుంటూ కూర్చున్నారు. పిలిస్తే పాడారు, అయిపోగానే "ఇగ పోతం సారూ" అన్నారు. గుడి ముందు కూర్చుందామని ఒకాయన అన్నాడు. డక్కలి పెద్దమనిషి ఆ మాటకు జవాబివ్వలేదు, ఆ తర్వాత రెండుసార్లు రాలేదు. నాకు అర్థం కావటానికి నెల పట్టింది. తెలుగు సాహిత్యంలో దళిత వాదం మీద వ్యాసాలు చదివినవాణ్ణి! చివరికి మహిళా సంఘంవాళ్లు వడ్లు కొనే కల్లం దగ్గర రేకుల షెడ్డు కుదిరింది. సీజను లేనప్పుడు ఖాళీగా ఉంటుంది. ఆడవాళ్లకు అది తమ చోటు. అక్కడ బస్తాలు కుట్టారు, తూకం మీద కొట్లాడారు. ఆ షెడ్డులో వాళ్ల గొంతే మారింది.

డబ్బు విషయంలో నాకొక మధ్యతరగతి నమ్మకం ఉండేది. పాటకు పైసలిస్తే పాట చెడిపోతుందని. ఆ మాటే అన్నాను. ఒగ్గుకథ చెప్పే పెద్దాయన నవ్వి, "మీ జీతం పెరిగితే మీ పాఠం చెడిపోతదా సారూ?" అన్నాడు. కొమురవెల్లి జాతర మూడు నెలలూ ఆయనకు తీరిక ఉండదు. పట్నం వేయటానికి, కథకు పిలుపులు వస్తూనే ఉంటాయి. మిగతా తొమ్మిది నెలలు ఆయన గొర్ల కాపరి. ఆ తొమ్మిది నెలల్లో ఒక పూట మా దగ్గర కూర్చోవటమంటే ఆయనకు ఖర్చే. నేనూ ఇద్దరు రచయిత మిత్రులూ నెలకింత వేసుకొని ఆటో కిరాయిలు, కైకిలి పోయినవాళ్లకు పూట కూలి ఇస్తున్నాం. ఇక్కడ ఇంకో తగాదా వచ్చింది. మేళంలో కథ చెప్పే పెద్దకు ఒక పాలు ఎక్కువ పోవటం వాళ్ల రివాజు. యారాలు ఒప్పుకోలేదు. "నేనందుకోకపోతే ఆమె ఏం పాడతది? ఇద్దరికీ ఒక్కతీరుగ ఇయ్యుండ్రి" అన్నది. ఒగ్గు పెద్దాయన ఆ రోజు మొహం మాడ్చుకున్నాడు గానీ, తర్వాతి కూటానికి తన వంత మనిషిని వెంట తీసుకొచ్చి సమానంగా పంచుకున్నాడు. సాహిత్య సిద్ధాంతంలో నేను ఇరవై ఏళ్లుగా చూడని ఒక విషయాన్ని కూలి లెక్క దగ్గర ఆమె తేల్చేసింది.

నా పాట సంగతి కూడా చెప్పాలి. ఆరో ఏడో కూటానికి నేనొక పాట రాసుకుపోయాను. వడ్ల ధర మీద, తాలు పేరుతో కోసే తరుగు మీద. నాటు పాట బాణీలోనే కట్టాను. షెడ్డులో పాడటానికి అంతకంటే తగిన వస్తువు ఉండదనుకున్నాను. మర్యాదగా నేర్చుకున్నారు, మర్యాదగా పాడారు. తర్వాతి కూటంలో ఒక్కరికీ గుర్తు లేదు. చిన్నబుచ్చుకొని కారణం అడిగాను. అవ్వ చాలాసేపు ఆలోచించి, "మీ పాట మంచిగనే ఉంది సారూ. గని అండ్ల మాకు సందు లేదు" అన్నది. ఇంటికి పోయి నా పాటను మళ్లీ చదువుకున్నాను. ప్రతి చరణమూ నిండుగా ఉంది. ప్రతి చరణం చివరా తీర్పు ఉంది. ఎవరూ ఏమీ అడగటానికి వీల్లేకుండా రాశాను. ప్రజల బాణీలో రాయటమంటే ఇదేనా? మన గేయ రచయితలందరూ కాకపోయినా, నాలాంటివాళ్లు చాలామంది చేస్తున్నది ఇదే. ఆ పాటను నేను తిరిగి రాయలేదు. తరుగు మీద ఆడవాళ్లే, నేను లేని రోజున, పాత పాట చరణాల మధ్య నాలుగు మాటలు ఇరికించి పాడుకున్నారని తర్వాత విన్నాను. అందులో నా మాట ఒక్కటీ లేదట.

నేను లేని రోజున అన్నాను. అది కూడా వివరించాలి. రెండో ఏడు ఆడవాళ్లు ఒక షరతు పెట్టారు. అత్తల మీద, మొగుళ్ల మీద, ఇంకా చెప్పకూడని వాటి మీద పాటలున్నాయి, అవి మగవాళ్ల ముందు పాడరు. మూడు కూటాలకు ఒకటి తమకే కావాలన్నారు. ఒప్పుకోక తప్పలేదు. మా బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే సహోపాధ్యాయిని వాళ్లతో కూర్చుంటుంది. నేను, ఒగ్గు పెద్దాయన కల్లం అవతల రాళ్ల మీద కూర్చుంటాం. రేకుల షెడ్డు లోపలి నుంచి నవ్వులు వినిపిస్తాయి, మాటలు వినపడవు. మొదటిసారి నా సేకర్త బుద్ధి ఊరుకోలేదు. కనీసం రాసుకొని దాచమని ఆమెను అడిగాను. "వాళ్లు రాయొద్దన్నరు, నేను రాయను" అన్నది. పరిశోధన దృష్టితో ఇది నష్టమే. ఆ పాటలు ఏ పుస్తకంలోకీ రావు. కానీ వినే హక్కు ఎవరికుందో నిర్ణయించుకోవటం కూడా గాయకుల చేతిలో ఉండాల్సిన పని అని ఒప్పుకుంటే, ఈ నష్టాన్ని కూడా ఒప్పుకోవాలి. నేను సగం మనసుతోనే ఒప్పుకున్నాను.

ఒక విమర్శక మిత్రుడు ఇదంతా విని, "మ్యూజియం పని చేస్తున్నావు" అన్నాడు. పతివ్రతా ధర్మం చెప్పే పాటలను, బీరప్ప మహిమలను బతికించి ఏం సాధిస్తావని ఆయన ప్రశ్న. ప్రశ్నలో న్యాయం ఉంది. మా కూటంలో పాడే పాటల్లో సగానికి పైగా నేను సైద్ధాంతికంగా సమర్థించలేనివే. అయితే పాట చెప్పే మాట ఒకటి, వంత చేసే పని ఒకటి. మొగుడు కొట్టినా ఓర్చుకున్న ఇల్లాలి కథ అవ్వ పాడుతుంటే, ఓర్పును పొగిడే చరణం దగ్గర యారాలు వంతను సాగదీసి వెటకారంగా అన్నది. షెడ్డంతా గొల్లుమన్నది. అచ్చులో ఆ చరణం పతివ్రతా ధర్మానికి ఉదాహరణ అవుతుంది. అక్కడ అది మరొకటి అయింది. ఈ వెటకారాన్ని పట్టుకోగలిగే పనిముట్టు మన విమర్శ దగ్గర ఉందా అని మిత్రుణ్ణి అడిగాను. ఆయన ఒకసారి వచ్చి కూర్చుంటానన్నాడు. ఇంకా రాలేదు.

బతుకమ్మ పండుగ 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక మా ఊళ్లో మొదట బాక్సులు వచ్చాయి, తర్వాత డీజే వచ్చింది. పాట మిషన్‌లోంచి వస్తుంది, ఆడవాళ్లు చుట్టూ తిరుగుతారు, ఎవరి నోరూ మెదలదు. రికార్డు పాటలో చెప్పేదీ అందుకునేదీ రెండూ ముందే నిండిపోయి ఉంటాయి. నిరుడు సద్దుల నాడు మా కూటంలోని ఏడుగురు ఆడవాళ్లు చెరువుకట్ట మీద వేరుగా, డీజే వినపడనంత దూరంలో, ఒక బతుకమ్మ పెట్టుకొని నోటితో పాడారు. కాసేపటికి ఇరవై మంది దాకా అయ్యారు. డీజే దగ్గర రెండొందల మంది ఉన్నారు. డీజేలో ప్యాడ్ వాయించే కుర్రవాడు మా శారదకథ కళాకారుడి కొడుకే. తండ్రి హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు కాపలాదారు, సెలవు దొరికిన ఆదివారం వస్తాడు. కొడుకును కూటానికి రమ్మని ఆయన అడిగితే, ప్యాడ్ తెచ్చుకోనిస్తే వస్తానన్నాడట. అవ్వ వద్దన్నది, యారాలు తెచ్చుకోనీ అన్నది. ఆ తగాదా తెగలేదు.

తెగకముందే, పోయిన చలికాలంలో అవ్వ చనిపోయింది.

దినాలైన తర్వాత ఆమె కొడుకు మా ఇంటికొచ్చి, "అవ్వ గొంతు నీ ఫోన్ల ఉందంట గద సారూ, మాకు జర ఇయ్యవా" అన్నాడు. రెండేళ్ల కింద తీసిన ఆ మొదటి పాట నా దగ్గర లేదు. ఫోను మార్చినప్పుడు పోయింది. పాట కాగితం మీద ఉంది గదా అనే ధీమాతో నేను దాన్ని పట్టించుకోలేదు. పదకొండు చరణాలూ అందంగా రాసి, వంతను ఒకసారి వేసి, తర్వాత చుక్కలు పెట్టిన కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదువుకోలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొని, చాయ తాగకుండానే వెళ్లాడు.

ఆ తర్వాతి కూటంలో యారాలు పాడలేదు. రెండోదాంట్లో కూడా పాడలేదు. తాను ఎప్పుడూ అందుకునే మనిషే గానీ మొదలుపెట్టే మనిషి కాదన్నది. మూడోసారి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, యారాలి మనుమరాలు, ఆమె పక్కన కూర్చుని వంత మాటను తప్పుగా అన్నది. "అట్లగాదే" అని ముసలమ్మ దిద్దబోయి, దిద్దటానికి మొదటి చరణం తానే ఎత్తుకోవాల్సి వచ్చింది. ఏడు చరణాలు నడిచింది. నేను ఫోను తీయలేదు. ఈసారి తీయాల్సిందేమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు మా కూటంలో పదకొండు మంది. వాళ్లలో ఆరుగురు అరవై దాటినవాళ్లు. వడ్ల కొనుగోలు మొదలవుతుంది గనుక షెడ్డు రెండు నెలలు దొరకదు. పోయినసారి లేవబోతుంటే డక్కలి పెద్దమనిషి, మూడేళ్లలో మొదటిసారి తనంతట తాను నోరు తెరిచి, వచ్చే కూటం మాదిగవాడలో తమ ఇంటి ముందు పెట్టుకుందామన్నాడు. చాపలు తానే పరుస్తానన్నాడు, చాయ తన ఇంట్లోనే అన్నాడు. యారాలు సరేనన్నది. ఇద్దరు ఏమీ అనలేదు. ఒకాయన తనకు ఆ రోజు పని ఉందన్నాడు. ఒగ్గు పెద్దాయన డోలును గుడ్డలో చుడుతూ, చాలాసేపు చుడుతూనే ఉన్నాడు. ఆదివారానికి ఇంకా ఆరు రోజులుంది.